ఊరు దాటినా ఇంటి కంప్యూటరును ఫోనుతో నడిపే విధానం

కొన్నేళ్ల కిందట పొలం రిజిస్ట్రేషను పని మీద ఊరికి వెళ్లి, సబ్ రిజిస్ట్రారు కార్యాలయం వరండాలో బల్ల మీద కూర్చుని ఉండగా, పాత దస్తావేజు స్కాన్ కాపీ హైదరాబాదులోని మా ఇంటి డెస్క్‌టాప్‌లోనే ఉండిపోయిందని గుర్తుకు వచ్చింది. ఫోనులో రిమోట్ యాప్ ఉంది, పాస్‌వర్డు గుర్తుంది, సిగ్నలు నిండుగా ఉంది. అయినా మా కంప్యూటరు పేరు పక్కన ‘ఆఫ్‌లైన్’ అన్న మాట తప్ప మరేమీ కనబడలేదు. అరగంట సేపు ఎవరూ ముట్టుకోకపోతే నిద్రలోకి వెళ్లమని ఆ యంత్రానికి నేనే చెప్పి ఉంచాను. ఇంట్లో ఉన్న అమ్మకు ఫోను చేసి, డబ్బా మీద లైటు ఏమైనా వెలుగుతోందా అని అడిగితే, “వెలగట్లేదురా, ఒకటి మాత్రం వెలిగి ఆరుతోంది” అంది. కీబోర్డు మీద ఏదో ఒక మీట నొక్కమని చెప్పాను. నొక్కింది. అర నిమిషంలో మా డెస్క్‌టాప్ నా ఫోనులో ప్రత్యక్షమైంది.

ఇంటి కంప్యూటరును దూరం నుంచి నడపడంలో యాప్ చేసే పని పావు వంతేనని, మిగిలిన ముప్పావు వంతు ఇల్లు కదలకముందు మనం చేసి పెట్టుకోవలసిన ఏర్పాట్లేనని ఆ రోజు నాకు అర్థమైంది. అందుకే ఈ మార్గదర్శిలో యాప్ ప్రస్తావన కాస్త ఆలస్యంగా వస్తుంది. వివరాలన్నీ విండోస్ 10, విండోస్ 11 నడిచే కంప్యూటర్లను, ఆండ్రాయిడ్ లేదా ఐఫోన్, ఐప్యాడ్‌లను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

ఏ పద్ధతిని ఎంచుకోవాలి

ఒక కంప్యూటరు తెరను మరొక చోట చూసి నడపాలన్న ఆలోచన కొత్తది కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పరిశోధనశాలలో 1990లలోనే వీఎన్‌సీ అనే సాధనం తయారైంది. ఇప్పుడు టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్, రస్ట్‌డెస్క్, క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ అంటూ ఎన్నో ఉన్నాయి. ఇంటి అవసరాలకు, పైసా ఖర్చు లేకుండా, విండోస్ హోమ్ ఎడిషను మీద కూడా పనిచేసేది కావాలంటే క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్‌తో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. విండోస్ ప్రో ఉన్నవారికి మైక్రోసాఫ్ట్ సొంత రిమోట్ డెస్క్‌టాప్ ఇంకా హాయిగా ఉంటుంది. దాని సంగతి తరువాత చెబుతాను.

వీటి లోపల జరిగే పనిని ఒక్క నిమిషం తెలుసుకుంటే తరువాత వచ్చే చిక్కులు సులభంగా విడిపోతాయి. మన ఇంటి రౌటరు లోపలి నుంచి బయటకు వెళ్లే మాటను వెళ్లనిస్తుంది కాని, బయటి నుంచి తలుపు తట్టేవారిని లోపలికి రానివ్వదు. పైగా మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ సంస్థలు ఎన్నో ఇళ్లను కలిపి ఒకే బయటి చిరునామా వెనుక ఉంచుతాయి. దీన్ని సీజీనాట్ అంటారు. రౌటరు పేజీలో వ్యాన్ చిరునామా (బయటి ఇంటర్నెట్ వైపు ఉన్న చిరునామా) 10, దాని వెంటనే చుక్కతో గాని, 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో గాని మొదలైతే మీరు కూడా ఆ వరుసలోనే ఉన్నట్టు లెక్క. అటువంటి ఇంట్లో రౌటరులో ఎన్ని పోర్టులు (అంకెలతో గుర్తించే ద్వారాలు) తెరిచినా బయటి నుంచి దారి దొరకదు. క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ వంటివి ఈ చిక్కును తిరగవేసి దాటుతాయి: ఇంటి కంప్యూటరే ముందుగా గూగుల్ సర్వరుకు కబురు పెట్టి ఎదురుచూస్తుంది, మన ఫోను కూడా అక్కడికే వెళ్తుంది, ఆ సర్వరు ఇద్దరినీ కలుపుతుంది. రౌటరును మనం ముట్టుకోవలసిన పని ఉండదు.

మొదటి మెట్టు: కంప్యూటరు మేలుకొని ఉండాలి

సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్’, అందులో ‘పవర్’ అన్న భాగాన్ని తెరవండి. విండోస్ 10లో దాని పేరు ‘పవర్ అండ్ స్లీప్’. అక్కడ తెర ఆరిపోయే వ్యవధి, కంప్యూటరు నిద్రపోయే వ్యవధి వేరువేరుగా ఉంటాయి. తెర పది నిమిషాలకు ఆరిపోయినా మనకు నష్టం లేదు. నిద్రకు సంబంధించిన దాన్ని మాత్రం ‘నెవర్’ అని మార్చాలి. ల్యాప్‌టాప్ అయితే కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, మూత మూసినప్పుడు ఏమీ చేయవద్దని కూడా చెప్పాలి. మూత మూసిన ల్యాప్‌టాప్‌ను పరుపు మీదో, బీరువాలో బట్టల మధ్యనో పెట్టి వెళ్లకండి. గాలి ఆడక వేడెక్కుతుంది.

రాత్రింబవళ్లు నడిస్తే కరెంటు బిల్లు ఎంత పెరుగుతుందని అందరూ అడుగుతారు. పనేమీ లేకుండా ఉన్న డెస్క్‌టాప్ 50 వాట్లు తీసుకుంటుందనుకుంటే రోజుకు 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్లు అవుతుంది. ల్యాప్‌టాప్‌కు అంతకంటే చాలా తక్కువే పడుతుంది. అది కూడా ఎక్కువనుకునేవారికి, కావలసినప్పుడు మాత్రమే లేపే దారి ఒకటి ఉంది. కాస్త ముందుకు వెళ్లాక చూద్దాం.

ఇక కరెంటు పోవడం. ఈదురుగాలి వీచినా, ట్రాన్స్‌ఫార్మరు పేలినా కంప్యూటరు ఆరిపోతుంది; కరెంటు తిరిగి వచ్చాక దానంతట అది లేవదు. ఇందుకు మందు బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందే లేచే కంప్యూటరు మూల అమరికల్లో ఉంది. కంప్యూటరును ఆన్ చేసిన వెంటనే డిలీట్ మీటను గాని ఎఫ్2ను గాని వరుసగా నొక్కుతూ ఉంటే బయోస్ తెర వస్తుంది. అందులో పవర్‌కు సంబంధించిన పేజీలో ‘రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్’ అనో, ‘ఏసీ బ్యాక్’ అనో ఒక వరుస ఉంటుంది. మదర్‌బోర్డు తయారీదారును బట్టి పేరు మారుతుంది. దానికి ‘పవర్ ఆన్’, ‘పవర్ ఆఫ్’, ‘లాస్ట్ స్టేట్’ అని మూడు విలువలు ఉంటాయి. ‘పవర్ ఆన్’ను ఎంచుకోండి. ‘లాస్ట్ స్టేట్’ పెడితే, కరెంటు పోయే సమయానికి కంప్యూటరు ఆరిపోయి ఉన్నట్టయితే తరువాత కూడా ఆరిపోయే ఉంటుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో ఈ వరుస కనబడదు, కాని వాటికి బ్యాటరీ ఉంది కనుక బాధ లేదు.

కంప్యూటరుకు యూపీఎస్ పెట్టి రౌటరును మరచిపోవడం మన ఇళ్లలో సర్వసాధారణం. కంప్యూటరు బతికే ఉంటుంది, దారి మూసుకుపోతుంది. రౌటరును, ఫైబరు వచ్చి చేరే చిన్న పెట్టెను కూడా ఇన్వర్టరు లైను మీదకు మార్చడమో, వాటి వోల్టేజీకి సరిపడే చిన్న యూపీఎస్ తగిలించడమో చేయాలి. అడాప్టరు మీద 12 వోల్టులని ఉందా, 9 అని ఉందా చూసి కొనండి.

చివరగా విండోస్ అప్‌డేట్. సెట్టింగ్స్‌లోని ‘యాక్టివ్ అవర్స్’లో రోజుకు 18 గంటల వరకు అప్‌డేట్ కోసం రీస్టార్ట్ కాకుండా ఆపవచ్చు. రీస్టార్ట్ అయినా కంగారు అక్కరలేదు. క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసుగా, అంటే ఎవరూ లాగిన్ కాకముందే తెర వెనుక నడుస్తుంది కనుక లాగిన్ తెర దగ్గర ఆగి ఉన్న కంప్యూటరును కూడా ఫోను నుంచి అందుకోవచ్చు.

రెండో మెట్టు: క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్‌ను అమర్చడం

ఇంటి కంప్యూటరులో క్రోమ్ బ్రౌజరు తెరిచి, మీ గూగుల్ ఖాతాతో లాగిన్ అయి, చిరునామా పట్టీలో ‘రిమోట్‌డెస్క్‌టాప్ డాట్ గూగుల్ డాట్ కామ్’ అన్న చిరునామాను ఆంగ్ల అక్షరాల్లో కొట్టండి. రెండు దారులు కనబడతాయి. మన కంప్యూటరును మనమే ఎప్పుడైనా అందుకోవడానికి ఒకటి, తెరను ఇతరులకు తాత్కాలికంగా చూపడానికి మరొకటి. మనకు కావలసినది మొదటిది. ‘సెట్ అప్ రిమోట్ యాక్సెస్’ అన్న చోట ఉన్న డౌన్‌లోడ్ గుర్తును నొక్కితే, బ్రౌజరుకు ఒక ఎక్స్‌టెన్షన్, విండోస్‌కు ఒక ఇన్‌స్టాలర్ వస్తాయి. రెండింటినీ అమర్చి, విండోస్ అనుమతి అడిగినప్పుడు సరేనని చెప్పండి.

ఆ తరువాత కంప్యూటరుకు ఒక పేరు పెట్టమంటుంది. ‘డెస్క్‌టాప్’ తరువాత అర్థంకాని అక్షరాల వరుస ఉన్న పేరును అలాగే ఉంచకుండా, ఇంట్లో అందరికీ తెలిసే పేరు పెట్టండి. రెండో కంప్యూటరు చేరిన రోజున దీని విలువ తెలుస్తుంది. పేరు తరువాత పిన్. కనీసం 6 అంకెలు ఉండాలి. పుట్టిన తేదీ, వాహనం నంబరు, ఏటీఎం పిన్‌ను రెండుసార్లు రాయడం వంటివి వద్దు. పిన్‌ను రెండుసార్లు కొట్టి ‘స్టార్ట్’ నొక్కితే కొద్దిసేపట్లో పేరు కింద ‘ఆన్‌లైన్’ అని వస్తుంది.

ఇప్పుడు ఫోనులో అదే గూగుల్ ఖాతాతో అదే చిరునామాను బ్రౌజరులో తెరవండి. కంప్యూటరు పేరు కనబడుతుంది. దాని మీద నొక్కి పిన్ కొడితే మీ ఇంటి తెర మీ అరచేతిలోకి వస్తుంది. ఫోనులో రెండు మూడు గూగుల్ ఖాతాలు ఉన్నవారు పేరు కనబడక తికమకపడటం నేను చాలాసార్లు చూశాను. కంప్యూటరును ఏ ఖాతాతో అమర్చారో ఫోనులోనూ ఆ ఖాతానే ఎంచుకోవాలి.

మూడో మెట్టు: ఇల్లు కదలకముందే మూడు పరీక్షలు

ఇంటి వైఫై మీదనే ప్రయత్నించి, పనిచేసిందని తృప్తి పడితే సగమే తెలిసినట్టు. మొదటి పరీక్షగా ఫోనులో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద కనెక్ట్ కండి. రెండో పరీక్షగా, ఫోను నుంచే కంప్యూటరును రీస్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ కనెక్ట్ అయి, విండోస్ లాగిన్ తెర దాటగలుగుతున్నారేమో చూడండి. మూడోది అసలు పరీక్ష. తెరిచి ఉన్న పనులన్నీ సేవ్ చేసి, కంప్యూటరును పద్ధతి ప్రకారం షట్‌డౌన్ చేసి, గోడ మీది స్విచ్చు ఆపి, నిమిషం తరువాత తిరిగి వేయండి. ఎవరూ మీట నొక్కకుండానే యంత్రం లేచి ఆన్‌లైన్‌లోకి వస్తే మీ బయోస్ అమరిక సరిగా ఉన్నట్టే. ఇదే అదనుగా రౌటరును కూడా ఒకసారి ఆపి వేసి చూడండి.

చిన్న తెర మీద చేతి నేర్పు

అంగుళాల్లో కొలిచే ఫోను తెర మీద డెస్క్‌టాప్ అంతా ఇరికితే అక్షరాలు చీమల్లా కనబడతాయి. కంప్యూటరు రిజల్యూషన్‌ను 1280 అడ్డం, 720 నిలువుకు తగ్గించడమో, డిస్‌ప్లే సెట్టింగుల్లో స్కేలును 150 శాతానికి పెంచడమో చేస్తే చాలా తేలికపడుతుంది. తెరకు ఉన్న చిత్రాన్ని తీసేసి ఒకే రంగు పెడితే మొబైల్ డేటా కూడా కొంత ఆదా అవుతుంది, ఎందుకంటే మారిన భాగాలే ఎక్కువగా ప్రయాణం చేస్తాయి. ఈ కారణంగానే రిమోట్‌లో సినిమా చూడటం వ్యర్థం. పత్రాలు, లెక్కల షీట్లు చూడటం సుఖం.

ట్రాక్‌ప్యాడ్ పద్ధతిని ఎంచుకుంటే తెర అంతా ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌లా పనిచేస్తుంది: వేలితో బాణం గుర్తును జరుపుతాం, ఒక వేలితో తడితే క్లిక్, రెండు వేళ్లతో తడితే కుడి క్లిక్, రెండు వేళ్లతో జరిపితే స్క్రోల్. టచ్ పద్ధతిలో వేలు పెట్టిన చోటే క్లిక్ పడుతుంది. ట్యాబ్లెట్‌కు అది బాగుంటుంది, ఫోనులో మాత్రం ‘మూసివేయి’ గుర్తు పక్కన ఉన్నదాన్ని నొక్కబోయి మూసేసిన సందర్భాలు నాకు లెక్కలేనన్ని. గంటల తరబడి పని ఉంటే ట్యాబ్లెట్‌కు బ్లూటూత్ కీబోర్డు, మౌసు జోడించండి. ఐప్యాడ్‌కు 2020లో వచ్చిన 13.4 వెర్షను నుంచి మౌసు సౌకర్యం పూర్తిగా ఉంది.

ఫైలు తీసుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. కంప్యూటరులోని ఫైలును ఫోనులోకి నేరుగా లాగాలని తంటాలు పడకుండా, రిమోట్ తెర మీదనే బ్రౌజరు తెరిచి గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించండి, లేదా మీ మెయిల్‌కే మీరు పంపుకోండి. ఎక్కించే పని ఇంటి ఫైబరు లైను మీద జరుగుతుంది కనుక మీ ఫోను డేటా ఖర్చు కాదు. ఆ రోజు దస్తావేజును నేను తీసుకున్నది ఈ పద్ధతిలోనే.

తెలుగు టైపింగ్ గురించి కూడా చెప్పాలి. విండోస్ 10కు 2019 మే నెలలో వచ్చిన అప్‌డేట్ నుంచి ‘తెలుగు ఫొనెటిక్’ కీబోర్డు విండోస్‌లోనే ఉంది. భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్ అంతకు ముందు నుంచే ఉంది. భాషా సెట్టింగుల్లో వీటిని చేర్చుకుంటే విండోస్ మీట, స్పేస్ మీట కలిపి నొక్కి భాష మార్చుకోవచ్చు. అయితే పేరా దాటిన తెలుగు రాయవలసి వచ్చినప్పుడు నేను ఫోనులోనే గూగుల్ డాక్స్‌లో రాసుకుని, ఇంటి కంప్యూటరు బ్రౌజరులో అదే డాక్యుమెంటు తెరిచి కాపీ చేసుకుంటాను. వత్తులు, గుణింతాలు చెదిరిపోకుండా చేరతాయి.

ఒక హెచ్చరిక. పని అయ్యాక స్టార్ట్ మెనూలో షట్‌డౌన్ నొక్కడం చేతికి అలవాటైన పని. రిమోట్‌లో అలా నొక్కితే తాళం లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టే. విండోస్ మీట, ఎల్ కలిపి నొక్కి తెరకు తాళం వేసి, ఆ తరువాత డిస్కనెక్ట్ కావాలి. ఈ తాళం మరో కారణం చేత కూడా అవసరం: క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్‌లో మీరు చేసే పనంతా ఇంట్లోని మానిటరు మీద కూడా కనబడుతూనే ఉంటుంది.

విండోస్ ప్రో ఉన్నవారికి

సెట్టింగ్స్‌లోని ‘అబౌట్’ పేజీలో మీ ఎడిషను ప్రో అని ఉంటే, ‘సిస్టమ్’లో ‘రిమోట్ డెస్క్‌టాప్’ స్విచ్చు వేసుకోవచ్చు. ఫోనులో మైక్రోసాఫ్ట్ ‘విండోస్ యాప్’ కావాలి. ఇదివరకు దీని పేరు రిమోట్ డెస్క్‌టాప్. ఇందులో తెర మీ ఫోను లేదా ట్యాబ్లెట్ కొలతకు తగ్గట్టు తనను తాను దిద్దుకుంటుంది, ఇంట్లోని మానిటరు మీద లాగిన్ తెర మాత్రమే కనబడుతుంది. లాగిన్‌కు విండోస్ పిన్ పనికిరాదు, ఖాతా అసలు పాస్‌వర్డే కావాలి. రోజూ నాలుగంకెల పిన్‌తో లోపలికి వెళ్లేవారు ఈ పాస్‌వర్డును ఎప్పుడో మరచిపోయి ఉంటారు. ఇంట్లో ఉండగానే సరిచూసుకోండి. పాస్‌వర్డే లేని ఖాతాను విండోస్ బయటి నుంచి రానివ్వదు.

ఇది 3389 పోర్టు మీద నడుస్తుంది. ఆ పోర్టును రౌటరులో బయటి ప్రపంచానికి తెరవమని చెప్పే పాత వీడియోలను నమ్మకండి. తెరిచిన పోర్టులను వెతుకుతూ పాస్‌వర్డులు ప్రయత్నించే ప్రోగ్రాములు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. ఈ సేవలో 2019లో బయటపడిన ‘బ్లూకీప్’ అనే లోపం ఎంత ప్రమాదకరమైనదంటే, ఎప్పుడో వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ మరమ్మతు విడుదల చేసింది.

సురక్షితమైన దారి టెయిల్‌స్కేల్ వంటి ప్రైవేటు నెట్‌వర్కు. కంప్యూటరులో, ఫోనులో దాన్ని అమర్చి ఒకే ఖాతాతో లాగిన్ అయితే, రెండింటికీ 100తో మొదలయ్యే చిరునామాలు వస్తాయి. విండోస్ యాప్‌లో కంప్యూటరు చిరునామాగా దాన్నే ఇవ్వాలి. సీజీనాట్ దీనికి అడ్డు కాదు. రెండు విషయాలు మరవకండి. విండోస్‌లో దాని సెట్టింగుల్లో ‘రన్ అనటెండెడ్’ను ఎంచుకోవాలి, అప్పుడే ఎవరూ లాగిన్ కాకపోయినా అది నడుస్తుంది. రెండోది, మామూలుగా 180 రోజులకు ఒకసారి ఆ పరికరం తిరిగి లాగిన్ కోరుతుంది. టెయిల్‌స్కేల్ అడ్మిన్ పేజీలో ఇంటి కంప్యూటరుకు మాత్రం ఆ గడువును తీసేయండి. లేకపోతే ఆరు నెలల తరువాత, అదీ మీరు ఊళ్లో లేనప్పుడే, దారి మూసుకుపోతుంది.

నిద్రపోతున్న యంత్రాన్ని లేపడం

వేక్ ఆన్ ల్యాన్ అనే ఏర్పాటులో, కంప్యూటరు ఆరిపోయి ఉన్నా దాని నెట్‌వర్కు కార్డు ఒక చెవి తెరిచి ఉంచుతుంది. దానికి పంపే కబురు 102 బైట్లు: ముందు ఆరు బైట్లు, తరువాత ఆ కార్డు మ్యాక్ చిరునామా (దాని సొంత గుర్తింపు సంఖ్య) 16 సార్లు. బయోస్‌లోను, డివైస్ మేనేజరులో నెట్‌వర్కు కార్డు లక్షణాల్లోను దీన్ని అనుమతించాలి, కంట్రోల్ ప్యానెల్‌లో ‘ఫాస్ట్ స్టార్టప్’ను ఆపాలి, కంప్యూటరును రౌటరుకు కేబులుతో కలపాలి, ఎందుకంటే వైఫై మీద ఇది చాలావరకు పనిచేయదు. ఆ కబురు ఇంటి నెట్‌వర్కులోనే పుట్టాలి కనుక, రౌటరులోనే ఈ సౌకర్యం ఉండాలి, లేదా ఇంట్లో ఎప్పుడూ నడిచే చిన్న పరికరం ఏదైనా ఉండాలి.

ఇంత ఓపిక లేనివారికి స్మార్ట్ ప్లగ్ ఉంది. బయోస్‌లో ‘పవర్ ఆన్’ పెట్టాం కదా. షట్‌డౌన్ చేసి ఉన్న కంప్యూటరు ప్లగ్‌ను ఫోను నుంచి ఆపి, అర నిమిషం తరువాత వేస్తే యంత్రం తనంతట తాను లేస్తుంది. నడుస్తున్న కంప్యూటరుకు మాత్రం ఇలా చేయకూడదు; ఫైళ్లు పాడవుతాయి.

తాళాలు

మీ గూగుల్ ఖాతా ఇప్పుడు మీ ఇంటి తాళంచెవి కూడా అయింది కనుక, దానికి రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి. ఫోను పోతే వెంటనే మరో చోట నుంచి గూగుల్ ఖాతాలోకి వెళ్లి, ఆ ఫోనును సైన్ అవుట్ చేసి, పాస్‌వర్డు మార్చండి. ఇంటికి చేరాక రిమోట్ పిన్ కూడా మార్చండి.

రెండో ప్రమాదం ఫోను కాల్ రూపంలో వస్తుంది. బ్యాంకు నుంచి అనో, కేవైసీ అనో చెప్పి ఇటువంటి యాప్‌లను మన చేతే వేయించి, తెర మీది ఓటీపీలు చూసి ఖాతా ఖాళీ చేసే మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఈ యాప్‌ల కోడ్, పిన్ అడిగే ఏ కాల్ అయినా మోసమేనని ఇంట్లో పెద్దవారికి చెప్పి ఉంచండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కు ఫోను చేయాలి.

ఇన్ని ఏర్పాట్లు చేశాక కూడా మా ఇంటి డబ్బా పక్కన గోడకు ఒక కాగితం అంటించి ఉంచాను. పెద్ద అక్షరాల్లో మూడు వాక్యాలు ఉంటాయి: లైటు వెలిగి ఆరుతుంటే కీబోర్డు మీద ఏదైనా మీట నొక్కాలి. లైటే లేకపోతే డబ్బా మీది గుండ్రటి బటన్ ఒక్కసారి నొక్కి వదలాలి. రౌటరు మీద ఎర్ర లైటు ఉంటే దాని స్విచ్చు ఆపి, వంద అంకెలు లెక్కపెట్టి వేయాలి. అమ్మ ఇప్పుడు నేను ఫోను చేయకముందే ఆ లైటు సంగతి చూసి చెబుతుంది.